నల్లి కాని నల్లి: మిరప తోటల్లో పూతను రాల్చే తామర పురుగు – గుర్తింపు, యాజమాన్యం

వరి వేస్తే పొలం, పత్తి వేస్తే చేను, మిరప వేస్తే తోట. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ విభజన నేటికీ చెక్కుచెదరలేదు. మిరపకు తోట అన్న పేరు ఊరకే రాలేదు. జూలై, ఆగస్టు మాసాల్లో నారు పోసింది మొదలు మార్చి, ఏప్రిల్‌లో ఆఖరి ఏరుడు వరకు మొక్క మొక్కనూ చూసుకుంటూ సాగించవలసిన పంట ఇది. పెట్టుబడి కూడా అందుకు తగినట్లే ఉంటుంది. విత్తనం, ఎరువులు, మందులు, కూలీలు కలిపి ఎకరాకు లక్ష రూపాయలు సులభంగా దాటుతుంది. కౌలు భూమి అయితే ఆ భారం అదనం. అందుచేత మిరప తోటలో ఒక పురుగును మరొక పురుగుగా పొరబడటం చిన్న విషయం కాదు. ఆ పొరపాటు ఈ వ్యాసకర్త కూడా చేశాడు గనుక దానితోనే ఆరంభించడం న్యాయం.

2021 డిసెంబరులో కాళేశ్వరం సమీపంలోని ఒక గ్రామం నుంచి ఒక రైతు నాకు ఫోను చేశాడు. “తోటకు నల్లి పడ్డది సారూ, ఏం కొట్టమంటరు?” అని అడిగి, ముడుచుకున్న ఆకు ఫొటో ఒకటి పంపాడు. ఆకు వంకరగా ఉంది. రైతు నల్లి అన్నాడు. నేను తెల్లనల్లి అనుకున్నాను. నల్లి మందు పేరు, మోతాదు చెప్పి ఫోను పెట్టేశాను. పన్నెండు రోజుల తరువాత, వేరే పని మీద కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం వెళ్తూ ఆ తోట వద్ద ఆగాను. అప్పటికి ఆయన రెండుసార్లు ఆ మందు కొట్టి ఉన్నాడు. మొక్కలు నడుము ఎత్తున, చూపునకు ఆరోగ్యంగానే ఉన్నాయి. కాని సాళ్ల మధ్య నేలంతా రాలిన పూలతో తెల్లబడి ఉంది. “తోట పచ్చగనే ఉన్నది సారూ, పూత నిలుస్తలేదు” అన్నాడాయన. ఒక పువ్వు తుంచి, సంచిలో ఉన్న తెల్ల కాగితం మీద దులిపాను. గసగసాల కన్న సన్నని నల్లటి పురుగులు పదిహేనో ఇరవయ్యో రాలి, కాగితం మీద చకచకా పరుగెత్తాయి. అవి నల్లులు కావు. నేను చెప్పిన మందుకు వాటితో పనే లేదు.

ఆ శీతకాలంలో భూపాలపల్లి, మహబూబాబాద్, ములుగు, వరంగల్ ప్రాంతాల మిరప తోటల్లో జరిగినదంతా ఈ చిన్న ఉదంతంలో ఇమిడి ఉన్నది. పురుగు కొత్తది, పేరు పాతది. పేరును బట్టి మందు వచ్చింది, మందును బట్టి అప్పు వచ్చింది. 2022 జనవరి రెండో వారంలో కురిసిన వడగళ్లు మిగిలిన కాయను కూడా నేలపాలు చేశాయి. మహబూబాబాద్ జిల్లా నుంచి మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చిన రోజులవి. ఆ నష్టానికంతటికీ గుర్తింపు లోపమే కారణమని నేను అనను. ఎడతెగని వానలు, కౌలు, వడ్డీ, అన్నీ తోడయ్యాయి. కాని మనవంతు లోపం ఏదని అడిగితే అది గుర్తింపులోనే ఉన్నదని చెప్పక తప్పదు.

నల్లి అనే మాట

మన సస్యరక్షణ పరిభాషలో ‘నల్లి’ వలె చిక్కు పెట్టే మాట మరొకటి లేదు. మంచంలో నల్లి రక్తం పీల్చే కీటకం. మందారానికి, బొప్పాయికి పట్టే పిండినల్లి మరొక జాతి కీటకం. వంగ, బెండ ఆకుల అడుగున గూళ్లు అల్లే ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడు వర్గానికి చెందిన జీవి. మిరపలో కింది ముడతకు కారణమయ్యే తెల్లనల్లి కూడా ఆ కోవకే చెందుతుంది. వీటికి తోడు మన రైతులు తామర పురుగును సైతం నల్లి అనే పిలుస్తారు. కంటికి ఆనీ ఆననంత చిన్నదై, గుంపుగా చేరి రసం పీల్చే ప్రతి ప్రాణీ పల్లె భాషలో నల్లియే.

రైతు పక్షాన ఇందులో తప్పేమీ లేదు. రూపాన్ని బట్టి పేరు పెట్టడం లోకసహజం. అయితే ఆ మాట పల్లె దాటి మందుల దుకాణానికి వెళ్లినప్పుడు దాని అర్థం మారిపోతుంది. దుకాణంలో నల్లి మందు అంటే నల్లులను మాత్రమే చంపే మందు. ప్రొపార్గైట్ వంటి మందు తెల్లనల్లి మీద బాగా పనిచేస్తుంది, తామర పురుగును పెద్దగా తాకదు. ‘ముడత’ అనే మాటదీ ఇదే కథ. ముడత ఒక లక్షణం, కారణం కాదు. జ్వరమని చెబితే వైద్యుడు ఏ జ్వరమో పరీక్షిస్తాడు; ముడత అని చెబితే మనం మందు రాసేస్తున్నాము.

పురుగు వచ్చిన దారి

త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ తామర పురుగును థాయిలాండ్ నమూనాల ఆధారంగా 1922లో కార్నీ అనే శాస్త్రజ్ఞుడు తొలిసారి వర్ణించాడు. ఆగ్నేయాసియా దేశాల్లో, ముఖ్యంగా ఇండోనేషియాలో, ఇది మిరపకు చిరకాల శత్రువు. ఐరోపాలో గ్రీసు దేశంలో గార్డీనియా అనే పూల మొక్కల మీద, అటు తరువాత 2020లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు హరితగృహాల్లో అలంకరణ మొక్కల మీద కనిపించింది. ఖండాలు దాటడానికి దానికి రెక్కల బలం అవసరం లేకపోయింది. అలంకరణ మొక్కల వ్యాపారమే దానికి వాహనమైనట్లు ఈ నమోదులను వరుసగా చూస్తే అర్థమవుతుంది. గుడ్డు ఆకు కణజాలం లోపల ఉంటుంది కనుక శుభ్రంగా కనిపించే కుండీ మొక్కలో కూడా పురుగు ప్రయాణించగలదు.

మన దేశంలో దీనిని బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించి, బాహ్యస్వరూపంతోను, డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌తోను నిర్ధారించి, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. ఆ తరువాత డాలియా, బ్రుగ్మాన్సియా వంటి పూల మొక్కల మీద కూడా నమోదయింది. 2021 జనవరి, ఫిబ్రవరి మాసాల్లో గుంటూరు జిల్లా మిరప తోటల్లో పూతపై విరుచుకుపడింది. అదే సంవత్సరం చివరకు తెలంగాణ తోటలను కమ్ముకున్నది. బెంగళూరు బొప్పాయికి, కాళేశ్వరం మిరపకు నడుమ ఆరేళ్ల వ్యవధి ఉన్నది. ఆ ఆరేళ్లలో ఈ పేరు కీటకశాస్త్ర పత్రికల్లో ఉన్నది గాని, మన రైతు శిక్షణ తరగతుల్లో లేదు, నా పాఠాల్లోనూ లేదు. నేను సస్యశాస్త్రం బోధించేవాడిని, కీటకశాస్త్రం నాది కాదని తప్పించుకోవచ్చు. రైతు మాత్రం తన తోటను శాఖల వారీగా విభజించి ఫోను చేయడు కదా.

ఆకు చెప్పేది, పువ్వు చెప్పేది

మిరపలో ఆకు ముడతకు ప్రధానంగా మూడు కారణాలుండేవి. ఇప్పుడు నాలుగోది చేరింది. వీటిని తోటలోనే వేరు చేయడం సాధ్యం. విద్యార్థులు ఒక్క సీజనులో నేర్వగల విద్య ఇది.

మొదటిది మనకు చిరపరిచితమైన పాత తామర పురుగు, సిర్టోత్రిప్స్ డార్సాలిస్. లేత పసుపు రంగులో ఉండి లేత ఆకులను, చిగుళ్లను గోకి రసం పీలుస్తుంది. ఆకు అంచులు పైకి లేచి దోనె ఆకారం పొందుతాయి. పై ముడత అనేది దీనినే. రెండవది తెల్లనల్లి. దీని వల్ల అంచులు కిందికి ముడుచుకొని ఆకు బోర్లించిన పడవలా కనబడుతుంది, కాడ సాగి సన్నబడుతుంది, ఆకు ముదురాకుపచ్చ రంగుకు తిరిగి పెళుసవుతుంది. మూడవది తెల్లదోమ మోసుకువచ్చే ఆకుముడత వైరస్. రైతులు బొబ్బర అంటారు. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు బారి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారి గుబురుగా నిలిచిపోతుంది. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ తిరిగి మొక్కగా చేయలేదు. ఏరి తీసివేయడం, తెల్లదోమను అదుపులో ఉంచడం తప్ప మార్గం లేదు.

కొత్త తామర పురుగు విషయం వేరు. ఇది ముదురు ఆకుల అడుగు భాగాన్ని కూడా గోకుతుంది. అక్కడ ఇటుక రంగు, గోధుమ రంగు చారలు ఏర్పడతాయి. ఆకు పైభాగం పసుపు మచ్చలతో ఎగుడుదిగుడుగా మారుతుంది. ఆకు పైకీ కిందికీ కచ్చితంగా ముడవకుండా వంకర టింకరగా ఉండటం వల్లనే ఫొటోలో చూసినవారు ఎవరికి తోచిన పేరు వారు పెట్టగలుగుతున్నారు. అసలు ఆనవాలు మాత్రం పువ్వులో ఉంది. పెద్ద పురుగులు పూలలో గుంపుగా చేరుతాయి. ఆకర్షక పత్రాల మీద గోధుమ రంగు చారలు పడతాయి, పూత ఎండి రాలుతుంది. నిలిచిన పిందె వంకర తిరిగి, తొడిమ దగ్గర గోకుడు మచ్చలతో పెరుగుతుంది. పాత తామర పురుగు ఆకు నుంచి పువ్వుకు వస్తుంది. ఇది పువ్వునే ఇల్లు చేసుకుంటుంది. కాబట్టి మొక్క పచ్చగా ఉండి పూత నిలవడం లేదని రైతు చెప్పినప్పుడు ఆకు ఫొటో అడగకూడదు. పువ్వు విప్పి చూడమనాలి.

అయితే పూత రాలిన ప్రతి తోటలోనూ ఇదే పురుగు ఉందనుకోవడం మరో తొందరపాటు. రాత్రి ఉష్ణోగ్రతలో తేడాలు, నీటి ఎద్దడి, ఎడతెగని ముసురు, అధిక నత్రజని, వీటన్నిటి వల్ల కూడా మిరప పూత రాలుతుంది. మొగ్గలో గుడ్డు పెట్టే సన్నని ఈగ జాతి మరొకటి ఉన్నది. దాని వల్ల పిందె గిడసబారి, ఉబ్బి, వంకర పోతుంది. చీల్చి చూస్తే లోపల చిన్న పురుగు కనబడుతుంది. పువ్వులో పురుగు లేకుండా పూత రాలుతుంటే పురుగుమందుకు అక్కడ పని లేదు.

తెల్ల కాగితం పరీక్ష

దీనికి కావలసిన సామగ్రి మూడే: ఒక తెల్ల కాగితం, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఆల్కహాలు పోసిన చిన్న సీసా. ఉదయం పూలు విచ్చుకున్న వేళ తోటలో ఐదు చోట్ల, చోటుకు ఐదు మొక్కలు, మొక్కకు రెండు పూల చొప్పున కాగితంపై దులపాలి. గట్టు పక్క మొక్కలతో సరిపెట్టుకోకుండా మధ్య సాళ్లలోకి వెళ్లాలి. రాలిన వాటిని పారిపోయేలోపు లెక్కించి, తేదీతో సహా రాసుకోవాలి.

కొత్త పురుగులో ఆడది దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటుంది. ఉదరం నల్లగా, తల, వక్షం దానికన్న కాస్త లేత గోధుమ రంగులో, కాళ్లు పసుపుగా కనబడతాయి. రెక్కలు మడిచినప్పుడు వాటి మొదట్లో లేత రంగు మచ్చ ఉన్నట్లు తోస్తుంది. మగది ఇంకా చిన్నది, పసుపు రంగుది. పిల్ల పురుగులూ పసుపే. కావున పసుపు రంగు పురుగును చూసి పాతదే అని తీర్మానించరాదు, నల్లని ఆడ పురుగు కోసం వెదకాలి. నల్లగా ఉన్నదల్లా కూడా ఇదే కాదు. హాప్లోత్రిప్స్ అనే మరొక నల్లని తామర పురుగు పూలలో కనిపిస్తుంది. దాని ఉదరం చివర సన్నని గొట్టంలా ముగుస్తుంది, భూతద్దంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రాంక్లినియెల్లా షుల్జీతో మాత్రం భూతద్దం చాలదు. సూక్ష్మదర్శిని కింద స్లైడు మీద చూసినప్పుడు దాని స్పర్శశృంగానికి ఎనిమిది ఖండితాలు, మన పురుగుకు ఏడు ఖండితాలు ఉంటాయి. ముందు రెక్క మొదటి ఈనె వెంబడి నూగు తెగకుండా వరుసగా ఉండటం మరొక గుర్తు. ఒక ప్రాంతంలో తొలిసారి కనబడినప్పుడు నమూనాను సీసాలో వేసి నిపుణులకు పంపి నిర్ధారించుకోవడం విధాయకం. రెండోసారి నుంచి కాగితం, భూతద్దం చాలు.

కాగితం మీద చురుగ్గా తిరిగే, తామర పురుగు కన్న వెడల్పుగా, నలుపు తెలుపు కలిసిన చిన్న కీటకాలు కూడా అప్పుడప్పుడు రాలుతాయి. అవి ఓరియస్ జాతి మిత్ర కీటకాలు. పూలలో తామర పురుగులను పట్టి తినడమే వాటి వృత్తి. రైతు కంటికి అదీ నల్లియే! ఒక తోటలో అవి సమృద్ధిగా రాలితే పిచికారిని వారం వాయిదా వేయమని చెప్పగల ధైర్యం మనకు ఉండాలి.

మందులు ఎందుకు పనిచేయలేదు

2021–22లో కొందరు రైతులు రెండు మూడు రోజులకొకసారి, మూడు నాలుగు మందులు కలిపి తైవాన్ పంపుతో కొట్టారు. అయినా పురుగు తగ్గలేదు. దీనికి పురుగు జీవనమే జవాబు చెబుతుంది. గుడ్డు ఆకు పొరల్లో ఉంటుంది. పిల్ల పురుగు ఆకు అడుగున, పువ్వు మడతల్లో ఉంటుంది. తరువాతి నిద్రావస్థ నేలలో, రాలిన ఆకుల్లో గడుస్తుంది. పెద్ద పురుగు మళ్లీ పువ్వులో దూరుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు వరకు సుమారు రెండు వారాలు చాలు. ఏ రోజు పిచికారి చేసినా సంతతిలో ఒక భాగం మందుకు అందని చోట క్షేమంగా ఉంటుంది. పక్క తోట నుంచి వచ్చి చేరేవి వేరు.

దీనికి తోడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు. పచ్చపురుగు మీద, లద్దెపురుగు మీద అలవాటైన చేయి వాటినే పూతపై కూడా కొట్టింది. ఆ మందులు ఓరియస్‌ను, అక్షింతల పురుగులను, పరభక్షక నల్లులను చంపి, రసం పీల్చే పురుగులకు అడ్డు తొలగిస్తాయి. పిచికారి తరువాత తెల్లనల్లి, తెల్లదోమ ఉధృతం కావడం మన శాస్త్రంలో పాత విషయమే. ఇక బయో మందుల పేరిట, లోపల ఏమున్నదో సీసాపై రాయని ద్రావణాల సంగతి వేరే చెప్పనక్కర లేదు. లేబులు మీద క్రియాశీల పదార్థం పేరు, శాతం, పంట పేరు లేని సీసాను కొనవద్దని రైతుకు చెప్పడం ఏ సిఫారసు కన్నా ముందు రావాలి.

యాజమాన్యం

ఈ పురుగును పూర్తిగా నిర్మూలించడం ఇక సాధ్యం కాదు, మనతోనే ఉంటుంది. నష్టాన్ని తట్టుకోగల స్థాయిలో ఉంచడమే లక్ష్యం.

నారుమడి నుంచే జాగ్రత్త మొదలు కావాలి. నైలాను వల కింద పెంచిన నారు మేలు. తోటకు తెచ్చే ముందు నారు ఆకుల అడుగు చూడాలి. నాటే ముందు ఎకరాకు 200 కిలోల వేపపిండి ఆఖరి దుక్కిలో కలపడం, చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని దట్టంగా వేయడం మంచిది. వెండి రంగు మల్చింగ్ షీటు వేసినచోట నేలలోకి దిగే పురుగులకు అడ్డు పడుతుంది, ప్రతిఫలించే వెలుగు వాలే పురుగులను కొంత తరుముతుంది. ఖర్చు ఎక్కువే కాని, డ్రిప్ ఉన్న రైతుకు కలుపు ఖర్చు తగ్గడం వల్ల కొంత కలిసి వస్తుంది. నత్రజనిని మోతాదుకు మించి వేసిన తోటలో లేత చిగురు, పూత ఎడతెగక వచ్చి పురుగుకు విందు అవుతుంది. గోదావరి ఒడ్డు ఇసుక నేలల్లో ఎరువు నిలవదనే భయంతో యూరియా ఎక్కువ వేసే అలవాటు ఉన్నది. అక్కడ తక్కువ మోతాదులో ఎక్కువ దఫాలుగా వేయమని ప్రత్యేకంగా చెప్పాలి. రాలిన పూతను సాళ్లలో వదిలేయకుండా వీలైనంత ఏరి దూరంగా పూడ్చాలి.

నీలి రంగు జిగురు అట్టలు ఎకరాకు 25–30 చొప్పున, మొక్క కొనకు కాస్త పైన కట్టాలని సిఫారసు. వీటి గురించి నాకొక అభిప్రాయం ఉన్నది. అట్టలు పురుగును నివారిస్తాయని చెప్పి అమ్మడం వల్ల రైతు వాటిని కట్టి నిశ్చింతగా ఉంటున్నాడు. అట్ట ముఖ్యంగా కావలివాని వంటిది. పురుగు వచ్చిందని చెబుతుంది, వచ్చినదానిలో కొంత పట్టుకుంటుంది. వారానికోసారి అట్ట వద్దకు వెళ్లి చూడనివారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

పూత మొదలయ్యే దశలో, పురుగు తక్కువగా ఉన్నప్పుడు, 5 శాతం వేప గింజల కషాయం గాని, లీటరుకు 3 మి.లీ. కానుగ నూనె తగినంత సబ్బు కలిపి గాని పిచికారి చేయాలి. కషాయానికి 5 కిలోల వేప గింజల పప్పు పొడిని రాత్రంతా నీటిలో నానబెట్టి వడపోసి 100 లీటర్లకు సరిచేసుకోవచ్చు. బవేరియా, లెకానిసిలియం వంటి శిలీంద్రాలు లీటరుకు 5 గ్రాముల చొప్పున, గాలిలో తేమ ఉన్న సాయంత్రాలలో మాత్రమే ఫలితమిస్తాయి. ఫిబ్రవరి ఎండలో మధ్యాహ్నం కొట్టి శిలీంద్రం పనిచేయలేదని నిందించడం తగదు.

పరీక్షలో పురుగుల సంఖ్య వారం వారం పెరుగుతూ, పూత రాలడం కనబడితే రసాయన మందు తప్పదు. స్పైనెటోరామ్ 11.7 ఎస్.సి. లీటరుకు 1 మి.లీ., లేదా సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓ.డి. 1.2 మి.లీ. వాడవచ్చు. ఇవి రెండూ పనిచేసే తీరు వేరు గనుక ఒకదాని తరువాత మరొకటి మార్చి వాడాలి. ఒకే మందును, ఒకే వర్గపు మందును వరుసగా కొట్టరాదు. రెండు మందులు కలిపి కొట్టరాదు. ఆకు అడుగు, పువ్వు తడిసేలా సన్నని తుంపరతో, తేనెటీగలు తిరగని సాయంత్రపు వేళ పిచికారి చేయాలి. చివరి పిచికారికి, ఏరుడుకు నడుమ లేబులుపై సూచించిన విరామం పాటించాలి. కల్లంలో ఎండిన కాయలోకి మందు అవశేషం వెళ్తే ఎనుమాముల మార్కెట్టులో ఎవరూ కనిపెట్టకపోవచ్చు, విదేశీ రేవులో కనిపెడతారు. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుకు దొరికే ధర ఈ విరామం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

పెరటి మొక్కల సంగతి

పెరటి మిరప, డాబా మీద కుండీల్లో గులాబీ, చామంతి పెంచేవారు ఇప్పుడు చాలామంది మనలను సలహా అడుగుతున్నారు. గుర్తించే పద్ధతి వారికీ అదే: కాగితం, పువ్వు, భూతద్దం. మందు మాత్రం అదే కాకూడదు. పది కుండీల కోసం పొలం మందు సీసా తెచ్చి వంటింటి అల్మరాలో ఉంచినవారిని నేను చూశాను. కూరగాయలపై వాడకం నిషిద్ధమైన మోనోక్రోటోఫాస్‌ను టమాటా కుండీకి పోసినవారు కూడా ఉన్నారు. పెరట్లో ఆశించిన పూలు, చిగుళ్లు తుంచి సంచిలో మూటగట్టి పారవేయడం, నీటి ధారతో ఆకు అడుగు కడగడం, వేపనూనె సబ్బు నీరు, ఇవే చాలు. నర్సరీ నుంచి కొత్త కుండీ తెచ్చినప్పుడు రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచడం ఇంకా ముఖ్యం. రెండు వారాలంటే పురుగు ఒక తరం. నగరం నుంచి పూల మొక్కలు కొని ఊళ్లో మిరప తోట గట్టున నాటేవారికి ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

విస్తరణ సిబ్బందికి

వాట్సాప్ ఫొటోను నేను కాదనను. మహదేవపూర్ నుంచి గాని, గోదావరి అవతల సిరోంచ వైపు తెలుగు రైతుల నుంచి గాని ప్రతి ఫోనుకూ మనం తోటకు వెళ్లలేము. కాని ఫొటో ఏది పంపాలో మనమే చెప్పాలి. ఆకు పైభాగం, ఆకు అడుగు, చీల్చిన పువ్వు, కాగితంపై దులిపిన పురుగులు, ఈ నాలుగు లేనిదే మందు పేరు చెప్పనని ఇప్పుడు నేను నియమం పెట్టుకున్నాను. కొందరు విసుక్కుంటారు. అరగంటలో నాలుగూ పంపేవారే ఎక్కువ. రావెప్ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే విద్యార్థుల జేబులో పెన్ను ఎలాగూ ఉంటుంది, దాని పక్కన భూతద్దం కూడా ఉండాలి. రైతు ఏ పేరుతో పురుగును పిలుస్తున్నాడో ఆ పేరును, తాము కాగితంపై చూసినదాన్ని పక్కపక్కన రాసుకోవాలి. అటువంటి జాబితా ఊరూరా తయారైతే, నల్లి అన్నప్పుడు ఏ ఊళ్లో ఏ పురుగో దుకాణదారుకు కూడా చెప్పవచ్చు.

2022 నవంబరులో ఆ కాళేశ్వరం రైతు తోటకు మళ్లీ వెళ్లాను. ఎకరం తగ్గించి, మిగిలినదే వేశాడు. ఆయన భార్య పిల్లల పాత నోటుపుస్తకంలోని ఖాళీ కాగితాలు చించి, పూలు దులిపి, వెనుక పేజీలో అంకెలు వేస్తున్నది. పైన ఏ వారం తేదీ ఆ వారం ఉన్నది. “ఈసారి నల్లవి మూడే సారూ. పసుపువి ఏడు. వాటిని తినేది కూడ ఒకటున్నది” అని భూతద్దం నా చేతికి ఇచ్చింది. చూశాను. ఒకటి కాదు, రెండున్నాయి. ఆ వారం మందు కొట్టలేదు.